భయపెట్టిన నవల, నమ్మిన పాఠకుడు

విశాఖలో యాభై దాటిన చదువరుల దగ్గర ‘తులసిదళం’ మాటెత్తి చూడండి. ఒక్కొక్కరూ ఒక్కో జ్ఞాపకం చెబుతారు. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఆ నవల 1980ల తొలి రోజుల్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పత్రిక వచ్చే రోజున కొట్టు దగ్గర కాచుకున్నవాళ్ళున్నారు. ఒక్క ప్రతిని వీధి వీధంతా తిప్పుకుని చదివినవాళ్ళున్నారు. అద్దె పుస్తకాల షాపులో రోజు అద్దెకి తెచ్చుకుని, తెల్లారేలోగా ముగించి తిరిగిచ్చేసినవాళ్ళున్నారు. తులసి అనే పసిపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం జరుగుతుంది, ఆ పిల్లని బతికించుకోవడానికి కన్నవాళ్ళు తల్లడిల్లుతారు. పుస్తకం పట్టుకుంటే కింద పెట్టనివ్వని గుణంలో దానికి సాటి వచ్చే నవలలు తెలుగులో ఎక్కువ లేవు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

నా పేచీ ఆ నవల నైపుణ్యంతో కాదు. నలభై ఏళ్ళుగా దాని గురించి పాఠకులు చెప్పుకుంటూ వస్తున్న అభిప్రాయాలతో.

“ఆ రాత్రి లైటు తీసి పడుకోలేకపోయాను” అంటారు కొందరు. ఇది నిజాయితీ గల మాట. భయపెట్టడానికి రాసిన కథ భయపెట్టిందంటే రచయిత పని నెరవేరినట్టే. “రచయిత ఎంత పరిశోధన చేశాడో! ఊరికే కల్పించి రాస్తే ఇంత వివరంగా ఉంటుందా?” అనే మాట కూడా తరచుగా వినబడుతుంది. వివరంగా ఉన్నదల్లా నిజమైతే ఇక కల్పనా సాహిత్యమనేదే లేదు. ఎక్కువమంది మెచ్చుకోలుగా చెప్పే మాట మరొకటుంది: “ఇటు డాక్టర్లనీ చూపించాడు, అటు మాంత్రికుల్నీ చూపించాడు. పాపని ఎవరు కాపాడారో మనల్నే తేల్చుకోమన్నాడు. అదీ గొప్పతనం.”

ఇక్కడే ఆగాలి. ఈ మెచ్చుకోలులోనే ప్రమాదం ఉంది.

వైద్యాన్నీ చేతబడినీ ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరికీ సమానంగా మాట్లాడే అవకాశమిచ్చాక, అది నిష్పాక్షికత అనిపించుకోదు. అలా కూర్చోబెట్టడంతోనే చేతబడి గెలిచింది. ఎందుకంటే వైద్యం తన మాటకి రుజువు చూపాలి, తప్పితే ఒప్పుకోవాలి. చేతబడికి ఆ బాధ్యత లేదు. పిల్ల బతికితే మంత్రం ఫలించినట్టు, చనిపోతే అవతలివాడి మంత్రం బలమైనదైనట్టు. ఓడిపోవడానికి వీల్లేని వాదాన్ని వాదం అనకూడదు. ఈ సంగతి ఆ రోజుల్లోనే రచయిత్రి రంగనాయకమ్మ ఎత్తిచూపారు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. పేరులోనే ఉన్న ఆ కోపం చాలామందికి మింగుడుపడలేదు. కథని కథలా చదవలేరా అని అడిగారు. కథని కథలా చదివితే నాకూ అభ్యంతరం లేదు. ఆ నవలని అలా చదవలేదన్నదే నా బాధ. పాఠకుల్లో ఎంతోమంది దాన్ని సాక్ష్యంలా చదివారు. “ఏమో, ఇలాంటివి ఉన్నాయేమో” అనే మాట ఆ నవల్లోంచి లేచి ఇళ్ళలోకి వచ్చింది.

భయానికి కారణం ఉంటుంది, ఆ కారణాన్ని పట్టుకోవచ్చు. ఈ మాట చెప్పడానికి విశాఖ కంటే తగిన ఊరు లేదు. ముందు దూరదేశపు ఉదాహరణ ఒకటి చూసి ఇక్కడికి వద్దాం.

1921లో విల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టరు తన వృత్తి పత్రికలో ఒక కుటుంబం కథ అచ్చువేశాడు. వాళ్ళు 1912లో ఒక పాత ఇంట్లోకి మారారు. కొన్నాళ్ళకి రాత్రిపూట ఎవరో నడుస్తున్న చప్పుళ్ళు మొదలయ్యాయి. మంచం కాళ్ళ దగ్గర మనుషులు నిలబడ్డట్టు కనిపించేది. పిల్లలు పాలిపోయారు, అందరికీ తలనొప్పులు, కుండీల్లో మొక్కలు వాడిపోయాయి. దయ్యాల కొంప అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? చివరికి పరీక్ష చేయిస్తే, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడైందని తేలింది. పొగ గొట్టంలోంచి పోవడం మాని గదుల్లోకి వస్తోంది. అందులోని కార్బన్ మోనాక్సైడు కొంచెం కొంచెంగా వాళ్ళ మెదడుకి ప్రాణవాయువు అందకుండా చేస్తోంది. కొలిమి బాగుచేయించారు. దయ్యాలు పోయాయి.

మన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. ఆ ఫర్నేసుల నుంచి వచ్చే గ్యాసులో సుమారు అయిదో వంతు నుంచి పావు వంతు దాకా ఈ కార్బన్ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు. అక్కడ పనిచేసేవాళ్ళకి అది గాలిలో ఎంత ఉందో కొలిచే మీటరు కావాలి. తల బరువెక్కినా, కాళ్ళు తేలిపోతున్నట్టున్నా ముందు గ్యాసేమోనని అనుమానించాలి. అక్కడ మనిషిని కాపాడేది ఆ మీటరూ, ఆ అనుమానమే. నేను హేతువాదం అంటున్నది ఇంతకంటే పెద్దదేమీ కాదు. ఫర్నేసు దగ్గర మనం పాటించే ఆ జాగ్రత్తని ఇంటి గుమ్మం దగ్గర విడిచిపెట్టకూడదనే నా తాపత్రయం.

షిఫ్టు డ్యూటీల ఊరు మనది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నిద్ర వేళలు తారుమారయ్యే మనిషికి తరచుగా ఎదురయ్యే అనుభవం ఒకటుంది. మెలకువ వస్తుంది, కళ్ళు తెరుచుకుంటాయి, కాలూ చెయ్యీ కదలవు. గుండెల మీద ఎవరో కూర్చుని నొక్కుతున్నట్టుంటుంది. అరుద్దామంటే గొంతు పెగలదు. గదిలో మూల ఎవరో ఉన్నారనిపిస్తుంది. హారర్ నవలల్లో సగం సన్నివేశాలకి ఇదే ముడిసరుకు. వైద్యులు దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. కలలు వచ్చే దశలో, కలలో పరిగెత్తినా మంచం దిగకుండా, మెదడు కండరాలని కట్టిపడేస్తుంది. ఆ కట్టు విడకముందే మెలకువ వస్తే, సగం కల, సగం గది కలిసి కనిపిస్తాయి. కొద్ది నిమిషాల్లో పోతుంది, ప్రాణానికి ముప్పు లేదు. వేళకి నిద్ర కుదురుకుంటే తగ్గుతుంది. ఈ నాలుగు ముక్కలు తెలియనివాడికి తాయెత్తు అమ్మడం చాలా తేలిక. మరీ బాధగా ఉంటే చూపించుకోవడానికి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఊరి పేరునే తిట్టుగా వాడుకునే అలవాటు మనకి పోలేదు కాబట్టి, అక్కడికి వెళ్ళాల్సినవాళ్ళు భూతవైద్యుడి దగ్గరికి వెళ్తున్నారు. ఆ తిట్టు మానుకోవడం కూడా హేతువాదంలో భాగమే.

2020 మే 7 తెల్లవారుజాము ఈ ఊళ్ళో ఎవరూ మరచిపోలేరు. మూడు గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలోంచి లేచారు. కళ్ళు మంటలు, ఊపిరాడదు. పిల్లల్ని ఎత్తుకుని పరిగెడుతున్నవాళ్ళు రోడ్డు మీదే కుప్పకూలారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపడ్డాయి. చీకట్లో కంటికి కనబడని ఏదో ఊరి మీద పడింది. ఏ నవలా రచయితా అంతటి భయానక దృశ్యం రాయలేడు. పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. దానికి కారణాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి, తనలో తానే చర్య మొదలుపెట్టి, ఆవిరై బయటికి తన్నుకొచ్చింది. ఆ చర్యని ఆపే రసాయనం చాలినంత లేదు. ట్యాంకుని చల్లబరిచే ఏర్పాటు రాత్రిపూట నడవలేదు. సైరన్ ఉంది, మోగించలేదు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఇవన్నీ నివేదికలో రాసింది.

ఆ తర్వాత ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో భారీ క్రేను కూలి పదకొండుమంది చనిపోయారు. “ఊరికి శని పట్టింది, శాంతి చేయించాలి” అనే మాటలు అప్పుడు ఊళ్ళో వినబడ్డాయి. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళు అలా అంటే నేను తప్పుపట్టను. దుఃఖానికి ఏదో ఒక ఆసరా కావాలి. కానీ శని పట్టిందని ఊరంతా సరిపెట్టుకుంటే ఇక సైరన్ ఎందుకు మోగలేదని అడిగేవాడెవడు? శనిని కోర్టుకి ఈడ్చలేం. ట్యాంకు ఉష్ణోగ్రత చూడాల్సినవాణ్ణి ఈడ్చగలం. అతీంద్రియ శక్తుల మీదికి తోసేసిన ప్రతి చావు వెనకా, తప్పించుకున్న మనిషి ఒకడుంటాడు.

ఇక చిల్లంగి. మైదానంలో చేతబడి అంటాం, తెలంగాణలో బాణామతి అంటారు. మన ఉత్తరాంధ్రలో, ఏజెన్సీలో చిల్లంగి. ఆరోపణ పుట్టే తీరు చూస్తే మనసు కలుక్కుమంటుంది. వానాకాలంలో ఒక పిల్లాడికి జ్వరం వస్తుంది. వణుకు, కలవరింతలు, చివరికి ఫిట్స్. ఫాల్సిపారమ్ రకం మలేరియా మెదడుకి ఎక్కితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఒక్క చుక్క రక్తంతో, అరగంటలోపే తేలిపోయే పరీక్ష ఉంది, పనిచేసే మందులున్నాయి. కానీ ఆస్పత్రికి కొండ దిగాలి, రోడ్డు లేదు, డోలీ కట్టాలి. మాంత్రికుడు పక్క గూడెంలోనే ఉంటాడు. అతను చీపురుపుల్లలు విరిచి, బియ్యం గింజలు చూసి, “మీకు పొలం తగాదా ఎవరితో ఉంది?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నలోనే జవాబుంది. పేరు బయటికొస్తుంది. చాలాసార్లు ఆ పేరు ఒంటరి ముసలమ్మది, లేదా నాలుగు సెంట్ల భూమి ఉండి అండ లేని మనిషిది. కొట్టడం, ఊరినుంచి వెలివేయడం, చంపడం కూడా. దేశంలో హత్యల కారణాల్ని పట్టిక వేసే జాతీయ నేర గణాంకాల సంస్థ మంత్రవిద్య నెపానికి విడిగా ఒక గడి కేటాయించాల్సి వచ్చింది. అదే మన సిగ్గుకి లెక్క.

చదువుకున్నవాళ్ళం కదా, ఇది మనకెందుకు అనుకోవద్దు. 2021 జనవరిలో మదనపల్లెలో ఎదిగిన ఇద్దరు ఆడపిల్లల ప్రాణాలు కన్నవాళ్ళ చేతిలోనే పోయాయి. చచ్చినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న నమ్మకంతో ఆ పని జరిగింది. తండ్రి కాలేజీలో పాఠం చెప్పే మనిషి, తల్లి బడి నడిపిన మనిషి. డిగ్రీలు ఆ ఇంటిని కాపాడలేకపోయాయి. “ఏమో, ఉందేమో” అని ఒక మూల అట్టిపెట్టుకున్న మాట చదువుతో పాటే పెరగగలదు, కష్టకాలంలో తలెత్తగలదు.

ఒక్క నవల హత్యలు చేయిస్తుందని నేను అనడం లేదు. చిల్లంగి ఆరోపణలు చేసే గూడేనికి ‘తులసిదళం’ చేరి ఉండదు కూడా. కానీ ఆ గూడెంలో కేసు విచారించే ఎస్సై, అక్కడ పాఠం చెప్పే మాస్టారు, రోగిని చూసే కాంపౌండరు ఈ నవలలు చదివి పెరిగినవాళ్ళే. ముసలమ్మని జనం చుట్టుముట్టినప్పుడు “ఇదంతా అబద్ధం, పిల్లాడికి మలేరియా” అని గట్టిగా చెప్పాల్సింది వాళ్ళు. వాళ్ళ మనసులో కూడా “ఏమో” ఉంటే గొంతు లేవదు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అంటోంది. ఆ విధి ముందుగా అక్కడ అక్కరకి రావాలి.

ఇప్పుడు రోజులు మారాయి. సంపాదకుడు లేడు, ప్రచురణ సంస్థ అక్కర్లేదు. కుర్రవాళ్ళు సొంత డబ్బుతో హారర్ నవలలు అచ్చువేసుకుంటున్నారు, ఫోన్లలో సీరియల్‌గా పెడుతున్నారు. వాళ్ళ ధైర్యం నాకు ఇష్టం. పాత భవనం, రేవులో ఆగిన ఓడ, కొండ మీద బంగళా – ఈ ఊళ్ళో కథావస్తువుకి కొదవ లేదు. అయితే అలాంటి పుస్తకాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ పాఠకుడి మాట ఒక్కటే. “వాస్తవ సంఘటనల ఆధారంగా” అని అట్ట మీద వేసుకుంటే అమ్మకం పెరుగుతుందని రచయితకి తెలుసు. 1971లో బ్లాటీ రాసిన ‘ది ఎక్సార్సిస్ట్’ కూడా 1949 నాటి ఒక అబ్బాయి కథ మీద ఆధారపడిందనే ప్రచారంతోనే ఇంటింటికీ వెళ్ళింది. ఏ సంఘటన, ఏ ఊరు, ఎవరు చూశారు, ఏ డాక్టరు పరీక్షించాడు అని పాఠకుడు అడగడు. అడగకపోగా “ఒళ్ళు గగుర్పొడిచింది, ఇది నిజంగా జరిగిందట” అని మరో పదిమందికి చెబుతాడు. రచయిత వేసిన అబద్ధపు ముద్ర పాఠకుడి నోట సాక్ష్యమైపోతుంది.

మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర మూఢాచారాల నిరోధక చట్టం తెచ్చుకుంది. కర్ణాటక 2017లో తెచ్చుకుంది. అలాంటి చట్టం ఆంధ్రప్రదేశ్‌లో రావాలని జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఆ గొంతుకి మన గొంతు కలపాలి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటి మాత్రం పాఠకుల చేతుల్లోనే ఉంది. హారర్ నవలలు చదవండి, రాసినవాణ్ణి మెచ్చుకోండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సభ పెట్టి మాట్లాడితే నేనూ వచ్చి వింటాను. అక్కడ “భయపడ్డాను” అని చెప్పండి. “నిజమేనేమో” అని మాత్రం, రుజువు చేతిలో లేకుండా, దయచేసి ఎవరికీ చెప్పకండి.