దేహం ఆలయమైతే, సుగ్గికి పోయే దేహం మాటేమిటి?

దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట మీద ప్రసంగం వినని క్రైస్తవ స్త్రీ ఉండదు. ఆ ప్రసంగం ఎటు తిరుగుతుందో కూడా మనకు తెలుసు. తల మీద ముసుగు, బొట్టు, పూలు, నగలు, జాకెట్టు చేతుల పొడుగు. ఆ ఆలయానికి ఇంత తిండి, ఇంత విశ్రాంతి కావాలని చెప్పే పాస్టరు ఎక్కడో ఒకరు.

పెద్దకడుబూరు, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి పనుల్లేక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. క్రైస్తవులు శ్రమదినాలుగా పాటించే నలభై రోజులు ఆ కోతల కాలంలోనే వస్తాయి. పొద్దుటి నుంచీ వంగి కాయలు కోసి, చేతుల మంటతో చంటిబిడ్డను ఎత్తుకోలేని మనిషికి శ్రమ గురించి కొత్తగా ఏం బోధిస్తారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. కడుపు నిండినవాడు ఒక పూట మానితే అది ఉపవాసం. అందరికీ పెట్టి, మిగిలిన రొట్టెముక్క తినే ఆడదానికి ఏడాది పొడుగునా ఉపవాసమే!

శరీరాన్ని చంపుకోవాలని పౌలే అన్నాడు కదా అంటారు. పౌలు గ్రీకులో రాశాడు. సార్క్స్ అని, సోమా అని రెండు మాటలు వాడాడు. పాపమని ఆయన ఎక్కువగా నిందించింది మొదటిదాన్ని, అంటే దేవుణ్ణి కాదని నడిచే స్వార్థాన్ని. ఆలయమన్నది రెండోదాన్ని, ఈ ఒంటిని. మన ప్రసంగాల్లో రెండూ కలిసిపోయి, శిక్ష మాత్రం ఒంటికి, అదీ ఆడవాళ్ల ఒంటికి పడుతోంది.

ఇక ముట్టు. ఆ రోజుల్లో ప్రభుబల్ల దగ్గరికి రావద్దని పెద్దలు అనకపోతే అత్తలే ఆపుతారు. మార్కు సువార్తలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ ఉంది. ఉన్నదంతా వైద్యులకు ధారపోసి ఇంకా క్షీణించింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె తాకితే మైల. అయినా తాకింది. యేసు గద్దించలేదు, కుమార్తె అని పిలిచాడు. ఆ వైద్యులూ మనకు కొత్త కాదు. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో 3.2 శాతం, మన రాష్ట్రంలో 8.9.

2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్ అయ్యారు. నంద్యాల అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉంది. స్త్రీ దేహం రొట్టె విరిచి పంచగలిగినప్పుడు, ఆ రొట్టె అందుకోవడానికి నెలలో కొన్ని రోజులు పనికిరాదా?

భర్త కొట్టిన దెబ్బల్ని 'నీ సిలువ' అని ప్రార్థన చేసి పంపే పెద్దల్ని సంఘంలోనే నిలదీయాలి. సుగ్గికి బండి ఎక్కకముందే ప్రతి మందిరంలో ఒక ఆదివారం ఏఎన్ఎమ్‌ను పిలిచి రక్తపరీక్ష చేయించమని, గర్భిణులకు, బాలింతలకు కానుకల పెట్టెలోంచి తిండిగింజలు ఇమ్మని సంఘ కమిటీలను అడగాలి. ఆ కమిటీల్లో ఆడవాళ్లెందరో కూడా అప్పుడే లెక్క తీయాలి.