దుపట్టా బహానా ఇక చాలు



ముదినేపల్లిలో గానీ ఏలూరులో గానీ మన బేటీ బాస్కెట్‌బాల్ ఆడతానంటే ఇంట్లో వచ్చే మొదటి జవాబు: "తల మీద దుపట్టా తీసేయమంటారు, మనకొద్దు."

ఒకప్పుడు అది నిజమే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మంగోలియాతో ఆడబోతున్న ఖతర్ అమ్మాయిల్ని హిజాబ్ తీయమన్నారు. వాళ్లు తీయలేదు, మ్యాచే వదులుకున్నారు. అమెరికాలో బిల్కిస్ అబ్దుల్ ఖాదిర్ విదేశాల్లో ప్రొఫెషనల్‌గా ఆడే అవకాశం పోగొట్టుకుని మరీ పోరాడింది. జుల్మ్ అంటే అదీ.

కానీ 2017లో ఫిబా ఆ కాయిదా మార్చేసింది. ఆ అక్టోబర్ 1 నుంచి తల కప్పుకుని ఆడొచ్చు. ముఖం కప్పకూడదు, ఆటలో ఎవరికీ ప్రమాదం కాకూడదు, నలుపో తెలుపో జెర్సీ రంగో ఉండాలి, అంతే. చేతులకీ కాళ్లకీ నిండుగా ఒంటిని అంటి ఉండే బట్టలూ వేసుకోవచ్చు. ఫ్రాన్స్ ఫెడరేషన్ మాత్రం తన దేశపు మ్యాచ్‌ల్లో హిజాబ్‌ని నిషేధించింది. దాన్ని తిట్టడానికి మనకు నోరు బాగానే లేస్తుంది, తిట్టాలి కూడా. మరి మన ముహల్లాలో బేటీని ఆపుతున్నది ఫ్రాన్సా?

మన దేశం జట్టు సంగతి చూడండి. ఆసియా కప్ డివిజన్ ఏలో ఎనిమిది జట్లే. ఆఖరున నిలిచింది కిందికి దిగుతుంది, డివిజన్ బీ గెలిచింది పైకెక్కుతుంది. ప్రపంచ కప్‌కి దారి ఆ పై మెట్టు నుంచే. 2017లో బెంగళూరులో కజకిస్తాన్‌ని ఓడించి మనవాళ్లు పైకెక్కారు. 2021లో అమ్మాన్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచి దిగిపోయారు. అదే అమ్మాన్‌లో, అదే ఏడు, డివిజన్ బీలో ఇరాన్ అమ్మాయిలు హిజాబ్‌తోనే ఆడారు.

ఆ నిచ్చెన మొదటి మెట్టు ఊళ్లో బడి మైదానం. అక్కడి నుంచి మండలం, జిల్లా, రాష్ట్రం. మన బేటీలు ఆ మొదటి మెట్టు మీదే ఆగిపోతున్నారు. ఎనిమిదో తరగతి దాటగానే "ఇక చాలు బేటా" అంటాం. అసలు కారణం దుపట్టా కాదు. టోర్నమెంట్‌కి బస్సులో వేరే ఊరు పంపడం, మగ కోచ్, "రేపు రిష్తా వచ్చినప్పుడు ఏమంటారో" అన్న భయం. మగ్రిబ్ అజాన్ అయ్యాక కూడా క్రికెట్ బ్యాట్‌తో తిరిగే కొడుకుని ఈ ప్రశ్న ఒక్క అబ్బా అడగడు.

కోచ్ మగవాడన్నది జాయజ్ అభ్యంతరమే. అయితే హెడ్మాస్టర్ దగ్గరికి నలుగురు అబ్బాలు కలిసి వెళ్లి లేడీ పీఈటీని అడగండి. ప్రయాణం భయమైతే జట్టుతో ఒక అమ్మీని పంపండి. షాదీఖానా కోసం అర్జీలు పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగే మస్జిద్ కమిటీకి బడిలో రెండు రింగులు అడగడం బరువా? పంపడం ఇష్టం లేకపోతే ఆ మాటే బేటీ ముఖం మీద చెప్పండి. దుపట్టాని అడ్డం పెట్టకండి.