మానిటరు కొనే ముందు కళ్ళు చూపించుకోండి

"మా అమ్మాయి బి.కాం. చదువుతూ సి.ఎ. పరీక్షకు తయారవుతున్నది. పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లోనే. రోజుకు ఆరేడు గంటలు దాని ముందే కూర్చుంటుంది. మూడు నెలలుగా సాయంత్రం అయ్యేసరికి తలనొప్పి, కళ్ళ మంట, మెడ పట్టేయడం. పెద్ద మానిటరు కొంటే తగ్గుతుందని అందరూ అంటున్నారు. దుకాణంలో అడిగితే కళ్ళకు రక్షణ వున్నది ఇరవై రెండు వేలవుతుందన్నారు. అది కొంటే కళ్ళజోడు అవసరమే రాదట. నా దగ్గర పదివేలు వున్నాయి. చీటీ పాడి అయినా ఖరీదైనదే కొనమంటారా?"

తెనాలి నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. ఇటువంటి ప్రశ్న ఈ మధ్య చాలా ఇళ్ళలో వినిపిస్తున్నది. వీరికి నా సలహా ఒకటే. చీటీ పాడకండి. పదివేల లోపే మంచి మానిటరు వస్తుంది. అయితే దానికంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి వుంది. అమ్మాయి కళ్ళు పరీక్ష చేయించండి.

తలనొప్పి ఎందుకు వస్తుంది?

దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోపల వుండే చిన్న కండరం బిగుసుకుని కటకం ఆకారాన్ని మారుస్తుంది. రెండు కళ్ళూ కొద్దిగా ముక్కువైపు తిరుగుతాయి. గంటల తరబడి ఇదే పని చేస్తే ఆ కండరాలు అలిసిపోవడం సహజం. కొద్దిపాటి దీర్ఘదృష్టి గాని, అస్టిగ్మాటిజం గాని వున్నవారికి ఈ అలసట త్వరగా వస్తుంది. చిన్న వయసులో కంటి కండరానికి బలం ఎక్కువ. అందువల్ల కొద్దిపాటి దీర్ఘదృష్టి వున్న పిల్లలు గోడమీది అక్షరాలన్నీ గడగడా చదివేస్తారు. "చూపు బ్రహ్మాండంగా వుంది, కళ్ళజోడు ఎందుకు?" అని తల్లిదండ్రులు అనుకుంటారు. అలా చదవడానికి ఆ కళ్ళు ఎంత శ్రమపడుతున్నాయో పైకి కనిపించదు. అవసరమైతే కంటిలో చుక్కలు వేసి, ఆ కండరాన్ని కాసేపు వదులు చేసి పరీక్షిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇటువంటి పిల్లకు లక్ష రూపాయల మానిటరు కొనిపెట్టినా తలనొప్పి పోదు. సరైన కళ్ళజోడుతో పోవచ్చు. జిల్లా ఆస్పత్రులలోనూ, ఏరియా ఆస్పత్రులలోనూ కంటి పరీక్షకు డబ్బు అక్కరలేదు. తెలంగాణలో 2018 లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 లో కంటివెలుగు పరీక్షలు మొదలైనప్పుడు ఎంతోమంది వరుసలో నిలబడి చూపించుకున్నారు. ఆ తరువాత మళ్ళీ ఎన్నడూ చూపించుకోని వారు చాలామంది వుంటారు. అప్పటి పవరు ఇప్పుడు అలాగే వుండాలని లేదు.

కళ్ళ మంటకు కారణం వేరు. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్పలు వేస్తాం. తెరను చూస్తూ పనిలో మునిగితే అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద కన్నీటి పొర పరుచుకుంటుంది. రెప్ప పడకపోతే ఆ పొర ఆరిపోతుంది. పైన ఫ్యాను, ఎదురుగా కూలరు వుంటే చెప్పనే అక్కరలేదు.

ఇక మెడనొప్పి. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా వుంటే ఆ బరువు వెన్నుపూసల మీద సరిగా నిలుస్తుంది. ముందుకు వంచేకొద్దీ మెడ కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని వుంటాయి. చేతులకు అనువుగా పెడితే మెడ వంగుతుంది. కళ్ళకు ఎదురుగా పెడితే చేతులు పైకెత్తవలసి వస్తుంది. విడి మానిటరు వల్ల కలిగే పెద్ద లాభం ఇక్కడే. తెరను కళ్ళకు తగినట్టు, కీబోర్డును చేతులకు తగినట్టు పెట్టుకోవచ్చు.

పదివేలలో ఏమి చూసుకోవాలి?

మొదటిది సైజు. చదువుకూ, ఇంటి ఆఫీసు పనికీ 22 నుంచి 24 అంగుళాలు సరిపోతుంది. 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు సుమారు 31 సెంటీమీటర్లు. 24 అంగుళాల మానిటరు వెడల్పు 53 సెంటీమీటర్లు. అక్షరాలు పెద్దవై, దూరంగా కూర్చుని చదవడానికి వీలవుతుంది.

రెండవది తెరమీది చుక్కల లెక్క. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు వున్నదాన్ని ఫుల్ హెచ్.డి. అంటారు. 24 అంగుళాల తెరమీద ఇవి అంగుళానికి 92 చొప్పున పడతాయి. అక్షరం శుభ్రంగా కనిపిస్తుంది. ఇవే చుక్కల్ని 27 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 82 కు పడిపోతాయి. అందువల్ల 27 అంగుళాలది కొనాలంటే అంతకంటే ఎక్కువ చుక్కలున్నది కొనాలి. దానికి డబ్బు ఎక్కువ. తక్కువ బడ్జెట్టులో పెద్ద తెరకు ఆశపడితే వాపును చూసి బలుపు అనుకున్నట్టే.

"ఇంట్లో 32 అంగుళాల టీవీ వుంది, అది పనికి రాదా?" అని కొందరు అడుగుతారు. ఆ సైజు టీవీల్లో చాలావాటికి అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలే వుంటాయి. అంటే అంగుళానికి 49 మాత్రమే. సినిమాకు పది అడుగుల దూరంలో బాగానే వుంటుంది. రెండడుగుల దూరంలో అక్షరాలు చదవాలంటే కళ్ళు చికిలించవలసిందే.

మూడవది తెర రకం. ఐ.పి.ఎస్. రకం తెర అయితే పక్కనుంచి చూసినా, కొంచెం వంగి చూసినా రంగులు మారవు. టి.ఎన్. రకంలో మారతాయి. ఇప్పుడు తక్కువ ధర మానిటర్లలో కూడా ఐ.పి.ఎస్. దొరుకుతున్నది. తెర ఉపరితలం అద్దంలా మెరవకూడదు. మెరిసే తెరలో కిటికీ, ట్యూబులైటు, మన ముఖం అన్నీ కనిపిస్తాయి.

నాలుగవది వణుకు. వెలుతురు తగ్గించినప్పుడు కొన్ని మానిటర్లు లోపలి దీపాన్ని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. మన కంటికి అది తెలియదు గాని, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. పెట్టెమీద ఫ్లికర్ ఫ్రీ అని వుందేమో చూడండి. ఈ మాటకు విలువ వుంది.

ఇప్పటి ధరల్లో ఈ నాలుగు లక్షణాలున్న మానిటరు సుమారు ఏడు వేల నుంచి పది వేల లోపు వస్తుంది. ఊరిని బట్టి, కంపెనీని బట్టి కొంత తేడా వుంటుంది.

దేనికి డబ్బు పెట్టనక్కరలేదు?

1990 లలో పాత డబ్బా మానిటర్ల ముందు రంగు అద్దాలు తగిలించేవారు. కళ్ళకు రక్షణ అని వాటిని కొనని ఆఫీసు లేదు. తెరమీద పడే వెలుతురును అవి కొంత తగ్గించిన మాట నిజమే. అంతకు మించి అవి చేసింది లేదు. ఇప్పుడు ఆ స్థానంలో నీలికాంతి భయం వచ్చింది. తెరనుంచి వచ్చే నీలికాంతి ఆరుబయట సూర్యుడినుంచి వచ్చేదానితో పోలిస్తే చాలా స్వల్పం. అది కంటి తెరను పాడుచేస్తుందనడానికి రుజువు లేదు. నీలికాంతిని అడ్డుకునే కళ్ళద్దాల మీద జరిగిన 17 పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2023 లో కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట తగ్గినట్టు కనిపించలేదు. రాత్రి నిద్రకు ముందు తెర రంగు కొంచెం పసుపు చేసుకోవాలనుకుంటే కంప్యూటరులోనే ఆ సదుపాయం వుంది. నైట్ లైట్ అంటారు. దానికి పైసా ఖర్చు లేదు.

వంపు తిరిగిన తెర, సెకనుకు 144 సార్లు బొమ్మ మారే తెర ఆటలు ఆడేవారికి సరదా. పాత డబ్బా మానిటర్లలో ఆ లెక్క 60 వుంటే కళ్ళకు వణుకు తెలిసేది గనుక పెంచుకోమనేవారు. ఇప్పటి పలక మానిటర్లకు ఆ బాధ లేదు. చదువుకు 60 గాని, 75 గాని చాలు.

దుకాణంలో ఏమి చేయాలి?

రంగురంగుల సినిమా చూపిస్తే మురిసిపోకండి. తెలుగు అక్షరాల పేజీ ఒకటి తెరిపించండి. మన లిపిలో ఒత్తులు, గుణింతాలు చిన్నవి. అవి విడివిడిగా కనిపిస్తే ఆ తెర చదువుకు పనికొస్తుంది. తరువాత వెలుతురును బాగా తగ్గించమని, తెల్లటి పేజీని సెల్‌ఫోన్ కెమెరాలో చూడండి. నల్లటి చారలు కదులుతూ కనిపిస్తే వేరేది చూపించమనండి. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు గాని, కొనేవాడికి ఆ మాత్రం చాలు. తెల్లతెర, నల్లతెర వేసి చూస్తే చచ్చిన చుక్కలు బయటపడతాయి.

మీ కంప్యూటరుకు హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం వుందో, పాత వి.జి.ఎ. మాత్రమే వుందో ఇంటి దగ్గరే చూసుకుని వెళ్ళండి. లేకపోతే అడాప్టరుకు మళ్ళీ ఖర్చు. బి.ఐ.ఎస్. గుర్తు, బిల్లు, గ్యారంటీ ఎన్నేళ్ళు అన్నది మరిచిపోకండి. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఆఫీసులు వాడి వదిలేసిన మానిటర్లు కూడా అమ్ముతారు. వెలుతురు తగ్గిపోకుండా, తెరమీద మచ్చలు లేకుండా వుంటే అవి కొనడంలో తప్పులేదు. ఎదుట వెలిగించి చూపిస్తేనే కొనండి.

ఇంట్లో ఎలా పెట్టాలి?

ఎత్తు మార్చుకునే స్టాండుకు ఎక్కువ డబ్బు అడుగుతారు. వంటింట్లో కూర్చునే పీట ఒకటి దానికింద పెడితే ఆ పని జరిగిపోతుంది. తెర పై అంచు కంటి మట్టానికి సమానంగా గాని, కొంచెం కిందగా గాని వుండాలి. చెయ్యి చాపితే వేళ్ళ కొనలు తెరకు తగిలేటంత దూరం చాలు. కిటికీ తెరకు ఎదురుగానూ, వెనకగానూ కాకుండా పక్కన వుండాలి. తెర పక్కన తెల్లకాగితం పెట్టి చూడండి. కాగితం కంటే తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించండి. దిబ్బరాయిలా మసగ్గా వుంటే పెంచండి. 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. పెరట్లో చెట్టు వుంటే మరీ మంచిది.

మానిటరు కొనే స్తోమతు ఇప్పుడు లేనివారు దిగులు పడనక్కరలేదు. ల్యాప్‌టాప్‌ను నాలుగు లావుపాటి పుస్తకాల మీదికి ఎత్తి, విడిగా కీబోర్డు, మౌసు కొనుక్కోండి. వెయ్యి రూపాయల లోపే అవుతుంది. మెడనొప్పిలో చాలా భాగం దీనితోనే తగ్గుతుంది.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నా వయసు 48. ఎకౌంట్సు పని. చత్వారానికి రెండు పవర్ల కళ్ళజోడు వుంది. కొత్త మానిటరు కొన్నాక మెడనొప్పి ఎక్కువైంది. (నిజామాబాదు)

జవాబు: మీ కళ్ళజోడులో దగ్గరి పవరు కింది భాగంలో వుంటుంది. తెర ఎత్తుగా వుంటే గడ్డం పైకెత్తి ఆ కింది అద్దంలోంచి చూస్తున్నారు. మెడనొప్పి అందువల్లే కావచ్చు. మానిటరును ఇంకా దించండి. పైగా ఆ పవరు పుస్తకం దూరానికి ఇచ్చినది. తెర అంతకంటే దూరంగా వుంటుంది. మీ కంటినుంచి తెరకు ఎంత దూరమో టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని కంటి డాక్టరుకు చూపించండి. ఆ దూరానికి వేరే కళ్ళజోడు రాస్తారు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్ళు. ఏటా మైనస్ పవరు పెరుగుతున్నది. ఫోను మాన్పించి పెద్ద మానిటరు కొంటే ఆగుతుందా? (కర్నూలు)

జవాబు: ఫోనుకంటే దూరంగా చూస్తాడు గనుక కొంత మేలే. కాని పవరును ఆపే మానిటరు ఏదీ లేదమ్మా. పిల్లలు పగటి వెలుతురులో ఆరుబయట గడిపితే హ్రస్వదృష్టి రావడం తగ్గుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట కార్యక్రమం పెట్టి చూశారు. కొత్తగా హ్రస్వదృష్టి వచ్చేవారు తగ్గారని 2015 లో ప్రకటించారు. ఇప్పటికే వచ్చిన పవరు మీద దాని ప్రభావం తక్కువ. అయినా రోజుకు రెండు గంటలు బయట ఆడుకోనివ్వండి. పవరు పెరగకుండా నెమ్మదింపజేసే చుక్కల మందులు, ప్రత్యేక అద్దాలు ఇప్పుడు వున్నాయి. అవి మీ బాబుకు అవసరమా అన్నది కంటి డాక్టరు నిర్ణయించాలి.

ప్రశ్న: నేను గర్భవతిని. ఇంటినుంచి కంప్యూటరు పని చేస్తాను. మానిటరు కిరణాలు బిడ్డకు ప్రమాదమా?

జవాబు: కాదు. ఇప్పటి పలక మానిటర్లలో ఎక్స్-కిరణాలు పుట్టించే గొట్టమే లేదు. ఒకేచోట గంటల తరబడి కూర్చోవడం మాత్రం మంచిది కాదు. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. మంచినీళ్ళు తాగండి.

ఒక హెచ్చరిక

హఠాత్తుగా చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కంటిముందు మెరుపులు వచ్చినా, కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పెట్టినా దాన్ని కంప్యూటరు అలసట అనుకుని ఆలస్యం చేయకండి. తెల్లవారుజామున నిద్రలేపే తలనొప్పి, దానితో వాంతులు వున్నప్పుడు కూడా అంతే. మానిటరు సంగతి తరువాత చూసుకోవచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.