పేర్ల పుట్టుక: కొవాచ్

భిలాయి ఉక్కునగరంలో ఇళ్ల ముందరి పేరు పలకలు చదువుతూ పోతే భారతదేశమంతా కనిపిస్తుంది. అందులో తెలుగువారిని గుర్తించడం సులభం. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఐరోపాలో ఇదే మర్యాద పాటించేవారు హంగేరీ ప్రజలు. పాశ్చాత్యలోకానికి బేలా బార్టోక్‌గా తెలిసిన సంగీతవేత్త స్వదేశంలో బార్టోక్ బేలాయే.

అయితే మన ఇంటిపేర్లలో అధికభాగం ఊళ్లను చెబుతాయి. హంగేరీ వారివి అనేకం వృత్తులను చెబుతాయి. సబో అంటే దర్జీ, తకాచ్ అంటే సాలె, మోల్నార్ అంటే పిండిమర ఆడించేవాడు. అక్కడ మిక్కిలి విస్తారంగా వినిపించే పేర్లలో ఒకటైన కొవాచ్‌కు కమ్మరి అని అర్థం.

హంగేరియన్ భాషకు పొరుగునున్న స్లావ్ భాషలతో చుట్టరికం లేదు. దాని దూరపు బంధువులు ఫిన్నిష్, ఎస్టోనియన్. ఇనుమును వారు 'వాష్' అని సొంతమాటతోనే పిలుస్తారు. కాని ఇనుమును సాగగొట్టేవాని పేరు మాత్రం స్లావుల నుండి అరువు తెచ్చుకున్నదే. మన 'కమ్మరి' సైతం సంస్కృత 'కర్మార', పాళీ 'కమ్మార' శబ్దాలకు బంధువు. బుద్ధునికి కడపటి భిక్ష పెట్టిన చుందుడు కమ్మారపుత్రుడే.

పేరు నిలుస్తుంది, వృత్తి నిలవదు. కొవాచ్ మార్గిత్ (1902–1977) హంగేరీలో సుప్రసిద్ధ కళాకారిణి. ఇంటిపేరులో ఇనుము, చేతిలో కుమ్మరి మట్టి.

భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైంది. రష్యనులలో బహుళ ప్రచారంలో ఉన్న కుజ్నెత్సోవ్ అనే ఇంటిపేరుకు కూడా కమ్మరివాడే మూలపురుషుడు. కాని ఈ ప్రాంతానికి ఇనుము కొత్తగా వచ్చినది కాదు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ అడవులలో అగరియాలనే గిరిజనులు మట్టికొలుములు కట్టి, కాలితో తిత్తులు తొక్కుతూ, బొగ్గులతో ఖనిజం కరిగించేవారు. వారి పేరుకు నిప్పు అనే అర్థమిచ్చే 'ఆగ్' మూలమని చెబుతారు. వెరియర్ ఎల్విన్ 1942లో వారిపై ఒక గ్రంథమే ప్రకటించాడు. అప్పటికే చౌకయైన మర ఇనుము, బొగ్గు కాల్చుటపై అడవి శాఖ ఆంక్షలు వారి కొలుములను చల్లార్చుతూ వచ్చాయి.

నేడు రాజహరా కొండల ఖనిజం భిలాయిలో రైలు పట్టాలవుతున్నది. ఆ పట్టాల మీద అగరియాల పేరు ఉండదు. వారి పేరులో మాత్రం నిప్పు ఇంకా ఉన్నది.