బొమ్మలాట... వేలంపాట

"నలభై ఏళ్ళొచ్చాయి, ఇంకా ఈ బొమ్మలేమిటి?"

స్టాంపులు పోగేసే మగవాడిని ఎవరూ ఈ మాట అడగరు. పాత నాణేలు, పాత గడియారాలు దాచుకుంటే అది అభిరుచి. ఓ ఇల్లాలు పాత బొమ్మ కొనుక్కుంటే మాత్రం చిన్నపిల్ల చేష్ట! ఎందుకండీ ఈ తేడా?

మా పెద్దమ్మ కూతురు డల్లాస్‌లో ఉంటుంది. జపాన్ వాళ్ళ 'ఆనిమే' కార్టూన్ల పాత బొమ్మలు ఇంటర్నెట్ వేలంపాటల్లో కొంటుంది. పదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో అమెరికా వెళ్ళింది. 1995లో అక్కడి టీవీలో 'సైలర్ మూన్' మొదలైంది. భాష రాని ఊళ్ళో, స్నేహితులు లేని పిల్లకి ఆ అయిదుగురు అమ్మాయిలే నేస్తాలయ్యారు. అప్పుడు బొమ్మ కొనిపెట్టే స్తోమత ఇంట్లో లేదు. ఇప్పుడు తన సంపాదనతో కొనుక్కుంటోంది. ఇందులో నవ్వడానికి ఏముంది?

పైగా ఈ బొమ్మల వెనక ఉన్నది చాలావరకు ఆడవాళ్ళ కథే. 1959లో వచ్చిన మొదటి బార్బీ బొమ్మలు తయారైంది జపాన్‌లోనే. వాటి చిన్నారి గౌన్లు కుట్టింది అక్కడి ఇళ్ళలో కూర్చుని కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళు. కానీ ఆ బొమ్మ వాళ్ళ చిన్న ఇళ్ళకి, పిల్లల చిన్న చేతులకి పెద్దదైపోయింది. అందుకని 1967లో టకారా కంపెనీ 'లిక్కా చాన్' అనే బొమ్మను తెచ్చింది. బార్బీ 29 సెంటీమీటర్లుంటే లిక్కా 21 సెంటీమీటర్లే. పెద్ద పెద్ద కళ్ళున్న ఆ ముఖానికి మూలం అమ్మాయిల బొమ్మల కథలు గీసే మియాకో మాకి అనే చిత్రకారిణి. 'సైలర్ మూన్' సృష్టికర్త నవోకో తకేఉచి కూడా స్త్రీయే.

కథలు రాసే మనిషిని కనుక నన్ను బాగా కదిలించింది 'కాండీ కాండీ' సంగతి. ఓ అనాథ పిల్ల కథ అది. క్యోకో మిజుకి రాస్తే యుమికో ఇగరాషి బొమ్మలు గీశారు. 1976 నుంచి 1979 దాకా టీవీలో వచ్చింది. ఆ తర్వాత హక్కుల దగ్గర ఇద్దరికీ చెడి కోర్టుకెక్కారు. ఆ బొమ్మల మీద కథ రాసినావిడకీ హక్కు ఉందని 2001లో జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు వచ్చిందిగానీ మనసులు కలవలేదు. అలా కొత్త సరుకు ఆగిపోవడంతో పాత బొమ్మలకి గిరాకీ పెరిగింది. అనుమతి లేని నకిలీలూ బయల్దేరాయి. ఇద్దరు స్త్రీలు కలిసి కన్న పిల్ల ఇలా వేలంపాటలో మిగిలిపోవడం చూస్తే బాధ వేయదూ?

ఇక వేలం సంగతి. మన ఊళ్ళలో కొబ్బరితోటకో చేపల చెరువుకో పాట పెడతారు చూడండి, అదే తంతు. 'ఒకటోసారి, రెండోసారి' అని పిలిచే మనిషికి బదులు తెర మీద గడియారం. ఈబే లాంటి చోట నిర్ణీత సమయానికి పాట ముగుస్తుంది కనుక ఆఖరి క్షణంలో వచ్చి ఎగరేసుకుపోయేవాళ్ళుంటారు. 1999లో మొదలైన జపాన్ యాహూ వేలంలో చివరి అయిదు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు ఇంకో అయిదు నిమిషాలు పొడిగించే పద్ధతి ఉంది. అలా అర్ధరాత్రి దాకా సాగుతుంది. చివర్లో 'మీరు గెలిచారు' అంటారు. అందరికన్నా ఎక్కువ డబ్బు వదిలించుకోవడాన్ని గెలుపనడం వేలంలోనే చెల్లింది!

ఆ పాట ధరతోనే అయిపోదు. జపాన్ అమ్మకందార్లలో చాలామంది విదేశాలకు పంపరు. మధ్యవర్తి సంస్థ రుసుము, అక్కడి తపాలా, సముద్రం దాటే ఖర్చు, దిగుమతి సుంకం అన్నీ కలుస్తాయి. పైగా పాత ప్లాస్టిక్ జిగురుజిగురుగా మారుతుంది, ఎండకి రంగు పోతుంది, ముదురు రంగు గౌను మరక ఒంటికి అంటుకుంటుంది. వీపు మీద కంపెనీ ముద్ర, జుట్టు, అరికాళ్ళు ఫొటోలో కనబడకపోతే అడిగి తెప్పించుకోవాలి. పాటకి ముందే 'ఇంతకు మించి పాడను' అని అన్ని ఖర్చులూ కలిపి కాగితం మీద రాసుకోవాలి. మా అక్క చేసేది అదే. అంకె దాటితే కంప్యూటర్ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

అయితే అందరూ ఆ నిగ్రహం చూపలేరు. నా ఉద్దేశంలో దానికి సగం కారణం చుట్టూ ఉన్నవాళ్ళ వెటకారమే. నవ్వుతారని పార్సిల్ దాస్తుంది. పార్సిల్ దాచాక బిల్లు దాస్తుంది. బిల్లు దాచాక అప్పు దాస్తుంది. మోజు వల్ల మునిగే కొంపల కన్నా దాపరికం వల్ల మునిగేవే ఎక్కువ. భర్త కొన్న నాణెం హాల్లో అద్దాల బీరువాలో ఉంటే, భార్య కొన్న బొమ్మ చీరల మడతల్లో ఎందుకు నక్కాలి?

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టి, అత్తగారి నాటి కొండపల్లి బొమ్మల్ని పత్తిలో చుట్టి దాచుకునే వాళ్ళం మనం. బొమ్మ విలువ మనకొకరు చెప్పాలా? కొనేవాళ్ళు లెక్క బాహాటంగా రాయండి. ఇంట్లోవాళ్ళు ఆ లెక్క అడగండి, తప్పులేదు. కానీ వయసు మాత్రం అడక్కండి!