బావికి పుణ్యం, ఆడదానికి పాపం

మొన్న మాఘమాసంలో మా పిన్ని కూతురికి ఏడో నెలలోనే కాన్పయింది. కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే. ఒక పిల్ల దక్కింది. రెండో పిల్లని పూడ్చి వచ్చిన సాయంత్రమే వాళ్ల అత్తగారు అరుగు మీద కూర్చుని, ‘‘బావి ఇద్దర్ని ఇచ్చింది, నిలుపుకునే రాత దీనికి లేదు’’ అంది. ఆ మాటే నా చేత ఇది రాయిస్తోంది.

ఆ బావి రంగంపేట మండలం దొడ్డిగుంటలో ఉంది. ఆ ఊళ్లో కవలలు ఎక్కువని, అక్కడి బావి నీళ్లు తాగితే కవలలు పుడతారని ప్రచారం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి సీసాల్లో, క్యాన్లలో పట్టుకుపోతారు. మా చెల్లికీ తెచ్చి తాగించారు.

పిల్లల కోసం చేసిన చికిత్సలో డాక్టరు ఆమె గర్భంలో పెట్టింది ఒకే ఒక్క పిండం, ల్యాబులో అయిదు రోజులు పెరిగిన పిండం. స్కానింగులో రెండు గుండెలు కనబడగానే వియ్యపురాలు మా పిన్నితో, ‘‘నీళ్ల మహిమ వదినగారూ, ఒకటి పెడితే రెండయ్యాయి’’ అంది. పిన్నీ చేతులు జోడించింది.

ఒక పిండం రెండుగా చీలడం కొత్త సంగతి కాదు. మామూలు కాన్పుల్లోనే వెయ్యికి మూడు నాలుగు చోట్ల జరుగుతుంది. ఒకే పిండం పెట్టిన తొమ్మిది లక్షలకు పైగా చికిత్సల వివరాలతో జపాన్‌లో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అందులో నిలిచిన గర్భాల్లో 1.36 శాతం ఇలాగే చీలినట్టు తేలింది. అయిదారు రోజులు ల్యాబులో పెంచిన పిండాల్లో, గడ్డకట్టించి తిరిగి వాడిన పిండాల్లో ఇది కాస్త ఎక్కువ. అక్కడ ఏ బావీ లేదు. చాలా అరుదుగా, అదే నెలలో సహజంగా మరో పిండం కూడా నిలవొచ్చు. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు.

దొడ్డిగుంట నీళ్లు తాగి కవలల్ని కన్నవాళ్లు మళ్లీ వచ్చి చెబుతారు. తాగినా కననివాళ్లు ఎవరికీ చెప్పుకోరు. ఆ రెండో లెక్క రాసినవాళ్లు ఎవరు? నిజంగానే ఆ ఊళ్లో కవలలు ఎక్కువైతే ముందు చూడాల్సింది అక్కడి కుటుంబాల వంశక్రమాన్ని. వేర్వేరు అండాల నుంచి పుట్టే కవలలు కొన్ని వంశాల్లో తరతరాలుగా వస్తారు.

లెక్క తప్పితే తప్పింది, దిద్దుకోవచ్చు. కడుపు కోత దిద్దుకోలేం. చెల్లి కడుపులో ఇద్దరికీ ఒకటే మావి. అలాంటి కవలల్లో నూటికి పది పదిహేను గర్భాల్లో ఒక బిడ్డ రక్తం మావి గుండా రెండో బిడ్డకి మళ్లిపోతుంది. ఒకరు ఎండిపోతారు, ఇంకొకరి గుండె ఆ బరువు మోయలేదు. అందుకే పదహారో వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగు చెయ్యాలంటారు. చెల్లిని పంపలేదు. ‘‘బావి ఇచ్చిన పిల్లలకి మిషన్లెందుకు?’’ అన్నారు. మహిమ అన్న మాట ప్రమాదాన్ని కప్పేసింది.

మా మేనత్తది ఇంకో కథ. మా చిన్నప్పుడు జంట అరటిపండు కనబడితే మా చేతుల్లోంచి లాక్కునేవారు, కవలలు పుడతారని. అదే పండు మేనత్తకి ఏరి ఏరి పెట్టేవారు. ఆవిడకి పిల్లల్లేరు. బిక్కవోలు షష్ఠి తీర్థానికి తీసుకెళ్లి, ఉపవాసం ఉంచి, సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి వెనక చలిలో పడుకోబెట్టారు. ఎన్నేళ్లో అలా! మావయ్యకి మాత్రం ఒక్క పరీక్షా చేయించలేదు. ఆయన రెండో పెళ్లి చేసుకున్నాడు, ఆ రెండో భార్యకీ పిల్లలు కలగలేదు. అయినా గొడ్రాలన్న పేరు మా మేనత్తకే మిగిలింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి లోపం కూడా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ వినదలచుకోలేదు.

గొడ్రాలన్న మాట ఎంత దూరం తరుముతుందో మా ప్రాంతమే చూసింది. ద్రాక్షారామం దగ్గరి నేలపర్తిపాడు నుంచి వెళ్లిన 74 ఏళ్ల తల్లి 2019 సెప్టెంబరు 5న గుంటూరులో ఆపరేషనుతో కవల ఆడపిల్లల్ని కంది. దాత అండంతో నిలిచిన గర్భం అది. జనం గొడ్రాలన్నారని ఆవిడే విలేకరులతో చెప్పుకుంది. పేపర్లు అద్భుతమని రాశాయి. యాభై ఏడేళ్ల కాపురంలో ఆవిడ పడిన అవమానాలకి శీర్షిక పెట్టినవాళ్లు ఎందరు? 2021 చట్టం వచ్చాక ఈ చికిత్సకి ఆడవాళ్ల వయసు 50 దాటకూడదు. గొడ్రాలన్న నోటికి మాత్రం ఏ చట్టమూ గడువు పెట్టలేదు.

పుడితే పుణ్యం బావిది. పోతే పాపం ఆడదానిది. మా మేనత్త నుంచి మా చెల్లి దాకా ఈ పద్దు మారలేదు. పిండం ల్యాబులో తయారవుతున్న కాలంలోనూ నింద మాత్రం పాత చిరునామాకే చేరుతోంది.

దక్కిన పిల్ల ఇంకా ఆసుపత్రిలోనే, అద్దాల పెట్టెలో ఉంది. మొన్న చూడ్డానికి వెళ్తే చెల్లి నా చెయ్యి పట్టుకుని, ‘‘అక్కా, ఆ స్కానింగులకి వెళ్లుంటే రెండోది బతికేదా?’’ అని అడిగింది. బతికి ఉండొచ్చు. నేను అబద్ధం చెప్పలేదు. అయితే ఆ నిజం దాని నెత్తిన ఇంకో నింద కాకూడదు. అందుకే ఇంకో నిజం కూడా చెప్పాను: ‘‘నువ్వు వెళ్తానన్నావు తల్లీ, వాళ్లే పంపలేదు.’’