ప్రధానోపాధ్యాయుని కుర్చీ: నియమించే అధికారం ఎవరిది?

సరిహద్దు గ్రామాల తెలుగు పాఠశాలలలో ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ చేయగానే మొదట వినిపించే మాట ‘ఇన్‌ఛార్జి’. సీనియర్ ఉపాధ్యాయునికి బాధ్యతలు అప్పగిస్తారు. నెలలకని చేసిన ఏర్పాటు ఏండ్లకు సాగుతుంది. చివరకు ‘ఇంతకాలం చేశారు గదా, పర్మనెంటు చేయండి’ అనే విన్నపం బయలుదేరుతుంది. గ్రామస్థుల దృష్టిలో ఇది న్యాయమైన కోరికే. అయితే న్యాయస్థానం వేసే ప్రశ్న వేరు. ఎంతకాలం పనిచేశారని అది ముందుగా అడుగదు. ఎవరు నియమించారు, వారికి ఆ అధికారం ఉన్నదా, నియమానుసారం నియమించారా అని అడుగుతుంది.

ఈ విషయంలో నేటికీ ఉదహరించే ఒక వివాదం మన సరిహద్దులోనే, కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టినది. ఊర్గాంలోని గనుల విద్యాలయపు ప్రిన్సిపాల్ పదవి కొరకు నాటి మైసూరు ప్రభుత్వం 1967లో ఒక ప్రత్యేక నిబంధన చేసినది. అందులో ఒక వ్యక్తి పేరే పేర్కొని, ఆయన 1958 ఫిబ్రవరి 15 నుండి క్రమబద్ధంగా నియమితుడైనట్లే భావించాలన్నది. ‘నంజుండప్ప కేసు’గా పేరొందిన ఆ వివాదంలో 1971లో సుప్రీంకోర్టు ఆ నిబంధన నిలువదని తేల్చినది. నియమించే అధికారం ఉన్నవారు పద్ధతిలో చిన్న లోపం చేస్తే దానిని సరిదిద్దవచ్చును. నియామకమే చట్టవిరుద్ధమైతే క్రమబద్ధీకరణ దానిని కాపాడలేదు. క్రమబద్ధీకరణ అనేది నియామకానికి మరొక మార్గం కాదు. ఆ తీర్పు సారాంశం ఇదే.

2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్నే బలపరచినది. అదియును కర్ణాటకకు చెందిన వివాదమే. అయితే అది ఒక వెసులుబాటు కల్పించినది. మంజూరైన ఖాళీ పోస్టులో, తగిన అర్హతలతో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పది సంవత్సరాలకు పైగా పనిచేసినవారిని ఒక్కసారి చర్యగా క్రమబద్ధీకరించవచ్చునన్నది. అర్హులందరి విషయం పరిశీలించనిదే ఆ ఒక్కసారి చర్య ముగిసినట్లు కాదని 2010లో మరొక తీర్పు వివరించినది. ఉమాదేవి తీర్పును సాకుగా చూపి దీర్ఘకాలం సేవచేసిన వారికి అన్యాయం చేయరాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మందలించినది. కనుక ఆశ పూర్తిగా లేకపోలేదు. కాని ఆ ఆశకు పునాది మంజూరైన పోస్టు, అర్హత. కేవలం గడచిన కాలం కాదు.

ఇక అధికారం ఎవరిది? ఇక్కడ రెండు రకాల పాఠశాలలను వేరుచేసి చూడాలి. ప్రభుత్వ తెలుగు పాఠశాలలో నియామకం, పదోన్నతి ప్రభుత్వ సర్వీసు నిబంధనల ప్రకారమే జరుగుతాయి. మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగిన వసతులు కల్పించాలని 350ఎ అధికరణం రాష్ట్రాలను ఆదేశిస్తుంది. కాని ప్రధానోపాధ్యాయుని ఎంచుకునే హక్కును అది గ్రామానికి గాని, తల్లిదండ్రులకు గాని ఇవ్వలేదు. గ్రామస్థులు తెలుగు తెలిసినవారిని కోరవచ్చును, మహజరు సమర్పించవచ్చును. ఉత్తర్వు మాత్రం శాఖదే.

తెలుగువారు స్థాపించి నడుపుతున్న ప్రైవేటు పాఠశాలల పరిస్థితి వేరు. తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకునే హక్కును 30వ అధికరణం భాషా మైనారిటీలకు ఇచ్చినది. మైనారిటీ అవునా కాదా అనేది రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొని తేల్చాలని 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పినది. కాబట్టి ఒక తాలూకాలో తెలుగువారే అధికులైనా, కర్ణాటకలోను తమిళనాడులోను వారు మైనారిటీలే.

ప్రధానోపాధ్యాయుడు పాఠశాలకు ఆయువుపట్టు వంటివాడు. అందువలన ఆయనను ఎంచుకునే స్వేచ్ఛ నిర్వహణ హక్కులో ముఖ్యభాగమని 1998లో కేరళకు చెందిన ఒక ఉన్నత పాఠశాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అర్హుడైన వ్యక్తిని ఎంచుకున్నప్పుడు, సీనియారిటీ కారణంగా యాజమాన్యం చేతులు కట్టివేయరాదన్నది. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదని 2006లో మలంకర కళాశాల కేసులో మరల స్పష్టం చేసినది.

అలాగని యాజమాన్యం ఇష్టారాజ్యం కాదు. విద్యార్హతలు, అనుభవం, సేవానిబంధనలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే. గ్రాంటు పొందే మదర్సాలలో ఉపాధ్యాయుల ఎంపికను కమిషన్‌కు అప్పగించిన పశ్చిమ బెంగాల్ చట్టం చెల్లుతుందని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. అనగా యాజమాన్యపు హక్కుకు హద్దులు ఉన్నవి. 2025 సెప్టెంబరు 1 నాటి తీర్పు మరొక హద్దును ముందుకు తెచ్చినది. ఎనిమిదవ తరగతి వరకు బోధించే ఉపాధ్యాయులకు పదోన్నతి కావాలన్నా టెట్ ఉత్తీర్ణత తప్పనిసరి అన్నది. మైనారిటీ సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదన్న 2014 నాటి తీర్పుపై సందేహం వెలిబుచ్చి, ఆ అంశాన్ని విస్తృత ధర్మాసనం కొరకు ప్రధాన న్యాయమూర్తికి నివేదించినది.

ఈ తీర్పుల వెలుగులో సరిహద్దు కుటుంబాలకు స్పష్టమయ్యే విషయం ఒకటున్నది. హక్కు ఉండుట వేరు, దానిని సకాలంలో సక్రమంగా వినియోగించుకొనుట వేరు. కమిటీ తీర్మానం లేకుండా నోటిమాటగా అప్పగించిన కుర్చీ, శాఖ ఆమోదం పొందని నియామకం, అర్హత లేని వ్యక్తిపై చూపిన అభిమానం రేపు కోర్టులో పాఠశాలకే ఎదురు తిరుగుతాయి. పదేండ్లు బాధ్యత మోసిన ఉపాధ్యాయుడు ఆ హోదా లేకుండానే ఇంటికి వెళ్ళవలసి రావచ్చును. పెద్దదిక్కు లేని బడి నుండి పిల్లలు పొరుగు మాధ్యమానికి తరలిపోవచ్చును.

పదవీ విరమణ తేదీ ముందుగా తెలిసినదే. కాబట్టి ఆ కుర్చీ ఖాళీ కాకమునుపే కమిటీని ప్రశ్నించాలి. పోస్టు మంజూరైనదేనా? అభ్యర్థికి నిర్ణీత అర్హతలున్నవా? తీర్మానం పుస్తకంలో నమోదైనదా? ఆమోదానికి శాఖకు వ్రాతపూర్వకంగా పంపినారా? పాఠశాలకు మైనారిటీ గుర్తింపు పత్రం ఉన్నదా? ఈ ప్రశ్నలకు కాగితంపై సమాధానం ఉన్న పాఠశాలకు క్రమబద్ధీకరణ కొరకు ఎవరినీ వేడుకొనవలసిన అవసరం రాదు.